మరమ్మతు

‘మరమ్మతు’ అనే మాట ‘మర’ నుండి పుట్టిందని మా విద్యార్థులలో చాలామంది నమ్మకం. మర అంటే యంత్రం. యంత్రానికి చేసే పని గనుక మరమ్మతు అయి ఉంటుందని వారి తర్కం. తర్కం ముచ్చటగానే ఉంది గాని నిజం వేరు. మరమ్మతు అరబ్బీ మాట. పారశీకం మీదుగా ఉర్దూలోకి, ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చి, ఇక్కడి మరతో చుట్టరికం కలుపుకొని ఇంటిమనిషి అయిపోయింది. చెరువు మరమ్మతు, గుడి మరమ్మతు, మసీదు మరమ్మతు అని అందరమూ అంటాము. అది ఎక్కడి మాట అని అడగవలసిన అవసరం ఎవరికీ కలుగదు. తెలుగు, ఉర్దూ పక్కపక్కన అచ్చయ్యే ఈ సంచికలో ఆ మాటనే జీవనోపాధిగా చేసికొన్న ఒక పెద్దమనిషిని గురించి, ఆయన షెడ్డులో ఏడాదిపాటు విడి భాగాలుగా పడి ఉండి తిరిగి ఊపిరి పోసికొన్న ఒక పాత కారు ఇంజనును గురించి నాలుగు మాటలు వ్రాయటం అనుచితం కాదనుకుంటాను.

నేను ఆ షెడ్డుకు మొదట వెళ్ళింది ఇంజను చూడటానికి కాదు. మా బి.ఏ. మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు దసరా సెలవుల తరువాత తరగతికి రావటం మానివేశాడు. చదువులో వెనుకబడినవాడు కాదు. ఛందస్సు తప్పులు పట్టటంలో తరగతిలో వానికి సాటి లేదు. విచారిస్తే గుంటూరు ఆటోనగరులో ఒక ఇంజను మెకానిక్కు దగ్గర పనికి కుదిరాడని తెలిసింది. వాని తల్లి కళాశాలకు వచ్చి, “మీరు చెబితే వింటాడు సార్, ఒక్కసారి వెళ్ళి రండి” అని బతిమాలింది. వెళ్ళాను. వాడు మోచేతుల దాకా నల్లని గ్రీసుతో, చేతిలో పానాతో, నన్ను చూసి లేచి నిలబడి సలాము చేశాడు. వాని వెనుక బల్ల మీద నాలుగు రంధ్రాల ఇనుపదిమ్మ ఒకటి గుడ్డ పరచి పెట్టి ఉన్నది. ఏదో ఆసుపత్రిలో మంచం మీది రోగిని చూసినట్లనిపించింది.

ఆ షెడ్డు యజమానిని అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. యాభై దాటిన మనిషి. వారిది దూదేకుల కుటుంబం. తాతగారు విల్లు భుజాన వేసికొని పల్లెలు తిరిగి పరుపులకు, దిండ్లకు దూది ఏకినవారు. తండ్రి చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లులో ఫిట్టరు. ఈయన ఆయిలింజన్ల దగ్గర మొదలుపెట్టి, లారీల మీదుగా కార్లకు చేరారు. వింటినారి సరిగా బిగిసిందో లేదో తాతగారు మ్రోతను బట్టే చెప్పేవారట. మనుమడు ఇంజను కవచం మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడికి చెవి చేర్చి, లోపల ఏ బేరింగు అరిగిందో చెబుతారు. మూడు తరాలలో పనిముట్లు మారాయి. చెవి మాత్రం వంశంలోనే ఉండిపోయింది.

ఇక బల్ల మీది రోగి సంగతి. అది ‘స్టాండర్డ్ హెరాల్డ్’ అనే కారు ఇంజను. ఈ పేరు నేటి విద్యార్థులు విని ఉండరు. బ్రిటనులో 1959లో ‘ట్రయంఫ్ హెరాల్డ్’గా వెలువడిన ఈ కారుకు రూపకల్పన చేసినవాడు మిచెలొట్టి అనే ఇటలీ దేశస్థుడు. మద్రాసు శివార్లలోని స్టాండర్డ్ మోటార్ కర్మాగారం 1961 నుండి దీనిని మన దేశంలో తయారుచేసింది. అంబాసిడరు, ఫియట్ తప్ప వేరే కారు ఎరుగని ఆ రోజులలో రెండు తలుపుల హెరాల్డ్ రోడ్డు మీదికి వస్తే పిల్లలు వెంటబడి పరుగెత్తేవారని పెద్దలు చెబుతారు. దాని ముందుభాగమంతా, చక్రాల మీది రెక్కలతో సహా, ఒక్కసారిగా ముందుకు తెరుచుకుంటుంది. మెకానిక్కు ముందు టైరు మీద కూర్చొని పని చేసికొనవచ్చు. ఇంజను 948 సి.సి.; నాలుగు సిలిండర్లు; బోరు, అనగా సిలిండరు వ్యాసం, 63 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అనగా పిస్టను పైకీ క్రిందికీ నడిచే దూరం, 76 మిల్లీమీటర్లు.

ఈ కారును గుంటూరు మిర్చి వ్యాపారి ఒకరు ఆ రోజులలోనే కొన్నారు. వారి తరువాత అది గోదాములో టిక్కీల వెనుక ముప్పయి ఏళ్ళకు పైగా నిద్రించింది. అమెరికాలో చదివి వచ్చిన మనుమడు దానిని వెలికితీయించి ఉస్తాద్ దగ్గరకు తెచ్చారు. అతని కోరిక బాగుచేయించుకొనటంతో ఆగలేదు. తాతగారి కారు పందెపు కారులా పరుగెత్తాలి. బయటి రూపం చెక్కుచెదరరాదు, లోపలి గుండె మారాలి.

ఆ కోరిక పూర్తిగా పగటికల ఏమీ కాదు. హెరాల్డ్ ఇంజనుకు గొప్పింటి తోబుట్టువు ఒకటి ఉన్నది. బ్రిటనులో 1962 నుండి 1980 వరకు తయారైన ‘స్పిట్‌ఫైర్’ అనే చిన్న స్పోర్ట్స్ కారుది ఈ వంశపు ఇంజనే. స్ట్రోకు అదే 76 మిల్లీమీటర్లు ఉంచి, బోరు 69.3కు పెంచితే 1147 సి.సి. అయింది; 73.7కు పెంచితే 1296 అయింది; చివరకు స్ట్రోకును కూడా పెంచి 1493 చేశారు. మొదటి హెరాల్డ్ ఒక్క కార్బురేటరుతో 35 గుర్రాల లోపు శక్తినిస్తే, తొలి స్పిట్‌ఫైర్ రెండు కార్బురేటర్లతో 63 గుర్రాలు ఇచ్చింది. 1965లో ఫ్రాన్సులోని ల మాన్‌లో జరిగిన ఇరవైనాలుగు గంటల పందెంలో స్పిట్‌ఫైర్లు తమ తరగతిలో గెలుపొందాయి. కొంపలో నలుగురినీ కూర్చోబెట్టుకొని నెమ్మదిగా నడిచిన హెరాల్డ్ రక్తంలో ఈ పరుగు ఉన్నదని ఎవరు ఊహిస్తారు?

మన వైపు కూడా ఇటువంటి ప్రయత్నాలు లేకపోలేదు. మద్రాసుకు ఉత్తరాన, మన గుంటూరు లారీలు రోజూ పోయే రహదారి పక్కనే షోళవరం ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే అక్కడ మిగిలిపోయింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏళ్ళ తరబడి ఆ రన్‌వే మీద పందేలు జరిపింది; 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు ఏర్పడింది. విదేశీ కార్ల దిగుమతి దాదాపు అసాధ్యమైన ఆ కాలంలో మన ఫియట్లను, హెరాల్డ్‌లను, అంబాసిడర్లను విప్పి, పిస్టన్లు మార్చి, హెడ్డు చెక్కి, పందెపు బండ్లుగా మలిచారు. కంపెనీ ఇచ్చినదానిలో ఇవ్వనిదేదో దాగి ఉన్నదని కనిపెట్టినవారు చాలావరకు లేతు మిషను ముందు నిలబడి పని నేర్చినవారే. ఉస్తాద్‌కు విద్య నేర్పిన పెద్ద ఉస్తాద్ మద్రాసు షెడ్లలో కొన్నేళ్ళు పని చేసి వచ్చిన మనిషి.

వ్యాపారిగారి మనుమడు తెచ్చిన జాబితా పెద్దది. బోరును 69.3కు గీయాలి. పోత పిస్టన్లు తీసివేసి ఫోర్జింగు పిస్టన్లు వేయాలి. కామ్ షాఫ్టు మార్చాలి. ఉస్తాద్ జాబితా అంతా విని, టీ తెప్పించి, నెమ్మదిగా అన్నారు: “బాబూ, మీరడిగినవన్నీ ఉన్నయ్. మొదటిది మాత్రం కుదరదు. అరవైనాలుగున్నర దాటితే ఈ బ్లాకు నిలవదు.”

“అక్కడ వాళ్ళు చేశారు కదా ఉస్తాద్ గారూ?”

“వాళ్ళు గీయలేదు బాబూ, మళ్ళీ పోసుకున్నారు. అచ్చు మార్చి, సిలిండర్ల చోటు సర్దుకున్నారు. మనది పాత పోత. గీసిన ఇనుము మళ్ళీ రాదు.”

“స్లీవు వేయొచ్చుగా?”

“వేయొచ్చు. కానీ స్లీవుకు ఆనుకోను గోడ ఉండాలిగా.”

ఆ కుర్రవానికి ఇది పిరికితనంగా తోచింది. అరవైనాలుగున్నర అనే లెక్క ఎక్కడిదని అడిగాడు. ఉస్తాద్ లేచి, ఇనుప బీరువా నుండి గుడ్డలో చుట్టిన పుస్తకం ఒకటి తీశారు. ఉర్దూలో దానిని బయాజ్ అంటారు. కవులు తమకు నచ్చిన షేర్లు, హకీములు తమ యోగాలు వ్రాసి పెట్టుకొనే సొంత పుస్తకానికి ఆ పేరు. ఇది పెద్ద ఉస్తాద్ బయాజ్. సగం పుటలు నూనె మరకలతో గోధుమరంగుకు తిరిగాయి. ఏ ఇంజనుకు ఎంత బోరు, ఏ రింగుకు ఎంత సందు, ఏ బోల్టుకు ఎంత బిగువు అన్నీ ఉర్దూ లిపిలో, ఉర్దూ అంకెలలో ఉన్నాయి. ఉస్తాద్ ఉర్దూ చదువగలరు గాని ఆ చేవ్రాత గొలుసుకట్టు. చూపు కూడా మందగించింది. మా కుర్రవాడు ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, చదువుకొన్నది తెలుగు మాధ్యమం. ఆ లిపిలో వానికి ఒక్క అక్షరం రాదు. చిన్నప్పుడు మక్తబులో నేర్చిన నా చదువు సగం పుటల వరకు సరిపోయింది. మిగిలిన సగానికి మా కళాశాల ఉర్దూ అధ్యాపకులు ఒక ఆదివారం ఉదయం షెడ్డుకు వచ్చి, తెల్లని లాల్చీకి నూనె అంటకుండా చేతులు వెనుకకు కట్టుకొని, బయాజ్ చదివి పెట్టారు.

హెరాల్డ్ పుటలో రెండు పంక్తులే ఉన్నాయి. 64.5 వరకు పరవాలేదు. అంతకు మించి గీస్తే మూడవ సిలిండరు గోడ నీళ్ళ గదిలోకి చీలింది. అంతే. ఏ బండి, ఎవరి బండి, ఎంత నష్టం అనేవి లేవు. ఒక మనిషి ఒకసారి చెల్లించిన మూల్యం రెండు పంక్తులుగా మిగిలింది.

అమెరికాలో చదివిన కుర్రవాడు బుద్ధిమంతుడు. ఆ పుటను అవమానించలేదు, గుడ్డిగా నమ్మనూ లేదు. శబ్దతరంగాలతో లోహపు మందం కొలిచే పరికరం ఒకటి అద్దెకు తెచ్చి, నాలుగు సిలిండర్ల గోడలనూ చుట్టూ కొలిచాడు. పోత పోసేటప్పుడు నీటి గదుల కోసం లోపల అమర్చే ఇసుక దిమ్మ కొద్దిగా జరిగితే గోడ ఒక పక్క మందంగా, మరొక పక్క పలుచగా వస్తుంది. బయటికి ఏ తేడా కనిపించదు. ఈ బ్లాకులోనూ అట్లాగే జరిగింది. మూడవ సిలిండరుకు ఒక పక్క గోడ మిగిలినవాటికంటె పలుచగా తేలింది. కుర్రవాడు కొలతల కాగితాన్ని బయాజ్ పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తరువాత ఉస్తాద్ వంక తిరిగి, “అరవైనాలుగున్నరే” అన్నాడు.

బోరు 64.5 అయితే ఇంజను పరిమాణం 993 సి.సి. అవుతుంది. పెరిగింది 45 సి.సి. మాత్రమే. పిడికెడు కూడా లేని ఈ పెరుగుదలకు ఇంత తతంగమా అని నాకు అనిపించింది. అప్పుడు ఉస్తాద్ చెప్పిన సంగతి ఈ వ్యాసానికి ప్రాణం. ఇంజనులో శక్తి కేవలం పరిమాణం నుండి రాదు. ఎంత గాలి పీల్చగలదు, దానిని ఎంత గట్టిగా అదమగలదు, నిమిషానికి ఎన్ని చుట్లు తిరగగలదు అనే మూడింటి నుండి వస్తుంది. ఈ మూడింటిలో దేనిని పెంచినా దాని బరువును ఇంకెవరో మోయాలి. ఆ మోసేవాడు బలంగా ఉన్నాడో లేదో చూడకుండా పైన బలం పెంచితే ఇంజను పగులుతుంది. మోసేవాడు ఎప్పుడూ కంటికి కనిపించని చోటనే ఉంటాడు.

దీనిని వారు నాకు లెక్కతో చూపించారు. ఒక పిస్టను, దాని పిన్ను, రింగులు అన్నీ కలిపి పావుకిలో అనుకుందాం. నిమిషానికి ఆరువేల చుట్లు తిరిగే ఇంజనులో ఆ పిస్టను సెకనుకు వందసార్లు పైకి పోయి, ఆగి, క్రిందికి రావాలి. పైకొసన దానిని ఆపి వెనుకకు లాగే కనెక్టింగు రాడ్డు మీద పడే బలం దాదాపు అయిదు క్వింటాళ్ళు. మిర్చి యార్డు భాషలో చెప్పాలంటే పన్నెండు టిక్కీల బరువు ఒక వేలెడు ఇనుపకడ్డీకి వ్రేలాడినట్లు. అదే ఇంజను నాలుగువేల అయిదువందల చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ బలం మూడు క్వింటాళ్ళ లోపే. చుట్లు మూడోవంతు పెరిగితే బరువు సుమారు రెట్టింపు కావస్తున్నది. వేగం పెరిగిన నిష్పత్తిలో భారం పెరగదు. దాని వర్గంతో పెరుగుతుంది. గణిత శాస్త్రజ్ఞులకు ఇది తెలిసిన విషయమే గాని, తెలుగు చదువుకొన్న నాకు మాత్రం ఆ పన్నెండు టిక్కీలు చాలాకాలం కళ్ళముందు వ్రేలాడాయి.

అందుచేతనే పిస్టన్లు తేలికగా, బలంగా ఉండాలి. కొలతలు వ్రాసి పంపించి కోయంబత్తూరులో ప్రత్యేకంగా నాలుగు ఫోర్జింగు పిస్టన్లు చేయించారు. కరిగించి పోసిన అల్యూమినియంకంటె, అదిమి సాగగొట్టిన అల్యూమినియం గట్టిది. కాని దానికొక గుణం ఉన్నది. వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది గనుక సిలిండరు గోడకు, దానికి నడుమ కొంచెం ఎక్కువ ఎడం ఉంచాలి. తెల్లవారి చల్లని ఇంజను మొదలుపెట్టినప్పుడు ఆ ఎడంలో పిస్టను టకటకమంటుంది, వేడెక్కితే సద్దుమణుగుతుంది. “బలమున్నోడికి చోటెక్కువ కావాలి సార్, లేకపోతే ఇల్లు పగలగొడతాడు” అన్నారు ఉస్తాద్.

కనెక్టింగు రాడ్లను మార్చలేదు. పగుళ్ళు లేవని రంగు మందుతో పరీక్షించి, వాటి అంచులలోని పోటు గీతలను అరగదీసి, అద్దంలా నున్నగా చేశారు. గీత ఉన్న చోటనే పగులు మొదలవుతుందట. తరువాత నాలుగు పిస్టన్లు, నాలుగు రాడ్లు ఒకే బరువు ఉండాలి. మా కుర్రవాడు వాటిని తువ్వాలులో మూటగట్టి లాలాపేటలో ఒక బంగారు పనివారి దుకాణానికి మోసికొని పోయాడు. నగల త్రాసు మీద ఇంజను పిస్టన్లు చూసి వచ్చిన ఆడవారు నవ్వారట. అన్నిటికంటె తేలిక దానిని ప్రమాణంగా పెట్టుకొని, మిగిలిన మూడింటిలో లోపలి వైపు చిటికెడు చిటికెడుగా అరగదీసి, నాలుగింటినీ అరగ్రాము తేడాలోకి తెచ్చారు. క్రాంకు షాఫ్టును, ఫ్లైవీలును, క్లచ్చును కలిపి తూకం సరిచేసే యంత్రం కోసం చెన్నై వెళ్ళవలసి వచ్చింది. ఈ ఇంజనులో క్రాంకును మూడు బేరింగులే మోస్తాయి. నడుమ ఆధారం తక్కువ గనుక తూకంలో తేడా ఉంటే వేగం మీద కడ్డీ ఊగుతుంది. అందుకే ఆరువేల చుట్లకు మించరాదని ముందే ఒప్పందం చేసికొన్నారు.

రింగుల సందు ఫీలరు గేజీతో పది ‘థౌ’కు, అనగా అంగుళంలో వెయ్యోవంతులు పదికి, సరిచూసుకొన్నారు. సిలిండరు హెడ్డులో నిప్పు గది పరిమాణం కొలిచిన తీరు మరీ ముచ్చటైనది. గది మీద గాజుపలక పరచి, గ్రీసుతో అంచులు మూసి, పలకకున్న చిన్న రంధ్రం ద్వారా మందుల దుకాణంలో కొన్న సిరంజితో నూనె ఎక్కిస్తారు. ఎన్ని సి.సి. పట్టిందో అదే గది పరిమాణం. సిలిండరులో 248 సి.సి. ఉంటే, నిప్పు గదిలో, గ్యాస్కెట్టు మందంతో సహా, 31 సి.సి. మిగలాలి. అప్పుడు అదిమే నిష్పత్తి తొమ్మిదికి ఒకటి. పది దాకా పోవచ్చునని యజమాని, మన ఎండలలో పోరాదని ఉస్తాద్. వేసవిలో గుంటూరు వేడికి ఇంజను ముందే ఉడికి ఉంటుంది. అతిగా అదిమితే పెట్రోలు నిప్పురవ్వ కోసం ఆగకుండా తనంత తానే అంటుకొని పిస్టను నెత్తి చిల్లులు పొడుస్తుంది. తొమ్మిది దగ్గరనే ఆగారు.

కాలం తెచ్చిన మార్పులకు కూడా మరమ్మతు అవసరమే. ఈ ఇంజను పుట్టిననాడు పెట్రోలులో సీసం ఉండేది. వాల్వు కూర్చొనే పీటకు ఆ సీసమే మెత్తని పూతగా పనిచేసేది. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. ఆరోగ్యానికి అది ఎంతో మేలు. పాత వాల్వు పీటలకు మాత్రం కీడు. అందుచేత గట్టి ఉక్కు పీటలు చెక్కి దిగగొట్టారు. 2025 నాటికి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు కలుస్తున్నది. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది గనుక గొట్టాలన్నీ మార్చి, కార్బురేటరులో ఇంధనపు పాలు కొద్దిగా పెంచారు. కామ్ షాఫ్టు విషయంలోనూ మధ్యమార్గమే. పందెపు కామ్ వేస్తే పై వేగంలో సింహం, బ్రాడీపేట సందులో మొండిగుర్రం. నడిమి రకం ఒకటి ఎంచుకొన్నారు.

ఒక సాయంత్రం కరెంటు లేక పని ఆగినప్పుడు, ఈ ఆగటం ఎవరు నేర్పారని ఉస్తాద్‌ను అడిగాను. వారు చెప్పిన జవాబు ఇంజనుకు సంబంధించినది కాదు; పత్తికి సంబంధించినది. 1987లో ఆయనకు పదమూడేళ్ళు. పర్చూరు వైపు పల్లెలలో పెద్ద ఉస్తాద్ వెంట తిరిగి మందుకొట్టే స్ప్రేయర్లు బాగుచేసేవారు. 1970లో సూరత్ పరిశోధన కేంద్రం నుండి హైబ్రిడ్-4, 1972లో ధార్వాడ నుండి వరలక్ష్మి వచ్చిన తరువాత పత్తి సేద్యం తీరే మారింది. దిగుబడి పెరిగింది, దానితోపాటు ఎరువు, నీరు, మందు, అప్పు పెరిగాయి. కాయతొలుచు పురుగుకు కొత్త పైరిత్రాయిడ్ మందులు కొట్టారు. ఆ మందులు తెల్లదోమను తినే పురుగులను చంపి, తెల్లదోమను పెంచాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలు తెల్లదోమకు మసిబారాయి. ఎందరో రైతులు అదే మందు త్రాగి ప్రాణాలు తీసికొన్నారు.

“రాత్రింబగళ్ళు స్ప్రేయర్లు బాగుచేశాం సార్. ఇంకా జోరుగా కొట్టేలా చేయమని రైతులు అడిగేవాళ్ళు. చేసిచ్చేవాళ్ళం. మిషన్లో తప్పు లేదు. అడుగున మోసేవాడెవడో ఎవరూ చూడలే” అన్నారు ఆయన. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. కరెంటు వచ్చిన తరువాత కూడా ఆయన వెంటనే లేవలేదు.

మోటారు పరిశ్రమ చరిత్రలోనే దీనికి వేరొక ఉదాహరణ ఉన్నది. హెరాల్డ్ తయారుచేసిన ఆ మద్రాసు కర్మాగారమే 1985లో ‘స్టాండర్డ్ 2000’ అనే ఖరీదైన కారును తెచ్చింది. దేహం బ్రిటనులో పేరుపొందిన రోవరుది. లోపల మాత్రం దశాబ్దాలనాటి వేన్‌గార్డ్ ఇంజను వంశానిది. ఆ బరువైన దేహాన్ని ఆ పాత గుండె మోయలేకపోయింది. 1988లో తయారీ ఆగిపోయింది. పైపై సొగసుకు, లోపలి బలానికి పొత్తు కుదరకపోతే కంపెనీ ఎంత పెద్దదైనా ఫలితం ఒకటే. మార్కుల ఒత్తిడి మాత్రమే పెంచి, ఆ ఒత్తిడిని మోయవలసిన పసిమనసుల బలాన్ని చూడని మన చదువులను గురించి కూడా విజ్ఞులు ఇక్కడ ఆలోచించవచ్చు. నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంజను కూర్పు నాలుగు రోజులు పట్టింది. ప్రతి బోల్టుకు కొలిచిన బిగువే. ఉస్తాద్ ‘చూడీ’ అంటారు, కుర్రవాడు ‘మర’ అంటాడు. ఇద్దరి మాటా బోల్టు మీది ఆ చుట్టు గీతలకే. ఉర్దూలో చూడీ అంటే గాజు కూడా. పేచ్ అంటే మెలిక. అదే తెలుగులో పేచీ అయి మనుషుల మధ్యకు వచ్చింది. షెడ్డులో మాత్రం ఆ రెండు భాషలకూ ఎన్నడూ పేచీ రాలేదు. మొదటి వేయి కిలోమీటర్లు కొత్త రింగులు సిలిండరుకు అలవాటు పడేదాకా మెల్లగా నడపాలి. చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల మీదుగా ఒంగోలు దాకా, తిరిగి గుంటూరు దాకా ఉదయం పూట నడిపారు. లారీలన్నీ హారను కొట్టి దాటిపోయాయి. దాటనిచ్చారు.

వేయి కిలోమీటర్లు నిండిన తరువాత యజమాని కోటప్పకొండ వెళ్ళి కారుకు పూజ చేయించారు. ఘాట్ రోడ్డు మీద ముందుసీటులో ఉస్తాద్, వెనుక నేను, మా కుర్రవాడు. తాతగారి కాలంలో ఆ ఎక్కుడుకు మూలుగుతూ పోయేదని యజమాని చెబుతున్న హెరాల్డ్, మలుపు తరువాత మలుపు ఒకే స్వరంతో ఎక్కింది. ఎన్ని గుర్రాలు పెరిగాయని అడిగితే ఉస్తాద్ చెప్పలేదు. చెవి మాత్రం ఇంజను వైపే ఉన్నది. కొండ మీద యజమాని ప్రసాదం పెడితే కళ్ళకద్దుకొని తీసికొని, “గోడ వేడెక్కలే బాబూ, అదీ చూడాల్సింది” అన్నారు.

ఇక మా విద్యార్థి సంగతి. వానిని షెడ్డు నుండి తీసికొని రావటానికి వెళ్ళిన నాకు ఉస్తాద్ మొదటిరోజే ఒక మాట ఇచ్చారు: మధ్యాహ్నం రెండు వరకు కాలేజీ, తరువాతనే షెడ్డు, పరీక్షలు వ్రాయకపోతే పానా ముట్టరాదు. తల్లికి ఈ ఒప్పందం పూర్తిగా నచ్చలేదు. కొడుకు గుమాస్తా అయినా ఫరవాలేదు, చేతికి నల్లమరక అంటరాదని ఆమె కోరిక. ఆ కోరికను తప్పుపట్టే హక్కు జీతం రాళ్ళతో నిశ్చింతగా బ్రతుకుతున్న నాకు లేదు. వాడు మొదటి సంవత్సరం గట్టెక్కాడు. రెండవ సంవత్సరం పరీక్షలు వ్రాశాడు. ఫలితాలు రావలసి ఉన్నది. పట్టా చేతికి వచ్చిన తరువాత ఏ దారి పడతాడో వానికే ఇంకా తెలియదు.

ఈలోగా వాడు ఒక పని చేస్తున్నాడు. రెండువందల పుటల నోటుపుస్తకం కొని, బయాజును తెలుగు లిపిలోకి ఎక్కిస్తున్నాడు. మా ఉర్దూ అధ్యాపకులు చదువుతారు, ఉస్తాద్ అర్థం చెబుతారు, వాడు వ్రాస్తాడు. ఎడమ పుటలో పెద్ద ఉస్తాద్ మాట, కుడి పుటలో నేటి కొలత. హెరాల్డ్ పుటలో ఆ రెండు పంక్తుల క్రింద వాడు ఒక పంక్తి చేర్చాడు: మూడవ సిలిండరు గోడ కొలిచి చూశాము, నిజమే. తెలుగు పాఠకునిగా ఎన్నో వ్యాఖ్యానాలు చదివాను గాని ఇంత పొట్టి వ్యాఖ్యానం, ఇంత నమ్మదగినది, అరుదుగా చూశాను.

పుస్తకం ఇంకా సగమే అయింది. మిగిలిన పుటలలో కొన్ని నూనెకు పూర్తిగా తడిసి అక్షరం ఆనటం లేదు. వాటిలోని కొలతలు పెద్ద ఉస్తాద్‌తోనే పోయాయి. మన విద్యార్థులలో అనేకుల ఇండ్లలో ఇటువంటి చేతులు ఉన్నాయి. లేతు పట్టిన చేతులు, లారీ బాడీలు కట్టిన చేతులు, జిన్నింగు మిల్లుల రోలర్లు సరిచేసిన చేతులు, పరుపులు కుట్టిన చేతులు. వారికి తెలిసినది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. కొందరికి వ్రాయటం రాదు, కొందరు వ్రాసినది బిడ్డలకు చదవటం రాదు. ఈ వేసవి సెలవులలో మీ తండ్రి పక్కనో, మేనమామ పక్కనో, పొరుగింటి చాచా పక్కనో కూర్చొని, వారు చెప్పేది మీకు వచ్చిన లిపిలో వ్రాసికొనండి. అర్థం కాని మాటను అట్లాగే ఉంచండి. వారు వాడిన ఉర్దూ మాటను తెలుగు చేయాలని తొందరపడకండి. చదవలేని పుట ఏదైనా దొరికితే కళాశాలకు తీసికొని రండి. మా ఉర్దూ అధ్యాపకులు, నేను ఆదివారం ఉదయం పూట ఖాళీగానే ఉంటాము.